తాతగారి పెట్టెలో దొరికిన ఇంగ్లిష్ బ్రయర్ పైపులు: ఎవరు చేశారో ఎలా తెలుసుకోవాలి?

మీ ప్రశ్న చదివాను, ఫొటోలు పెద్దవి చేసి చూశాను. కొత్తగా చదివేవాళ్ళ కోసం విషయం రెండు ముక్కల్లో చెప్తాను. విజయనగరంలో పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే, రైల్వేలో పనిచేసిన మీ తాతగారి ట్రంకుపెట్టెలో రెండు పొగాకు పైపులు దొరికాయి. మొదటిదానికి వెండి పట్టీ ఉంది. పట్టీ మీద ‘ఏఎఫ్ అండ్ కో’ అన్న అక్షరాలు, ఒక లంగరు, నడుస్తున్న సింహం, చిన్నబడి ‘ఎన్’ అక్షరం ఉన్నాయి. రెండోదానికి పట్టీ లేదు. చెక్క మీద పై వరసలో పేరు చెరిగిపోయింది. దాని వెనకవైపు ‘మేడ్ ఇన్ లండన్’ అని గుండ్రంగా, కింద ‘ఇంగ్లండ్’ అని, పక్కన 337 అని ఉంది. నోటి గొట్టం మీద తెల్ల చుక్క ఉంది కాబట్టి అది డన్‌హిల్ అనే పేరున్న లండన్ కంపెనీ పైపేనని పాతసామాన్లు కొనే ఆయన చెప్పారు. మెరిసేలా పాలిష్ పెట్టించి ఇస్తే మంచి ధర ఇస్తానన్నారు. అది నిజమేనా, పాలిష్ పెట్టించమంటారా అని మీ ప్రశ్న.

తొందరగా కావాల్సిన జవాబు ముందు ఇస్తాను. రెండూ డన్‌హిల్ కావు. మొదటిది లండన్‌లోని అడాల్ఫ్ ఫ్రాంకౌ కంపెనీ అమ్మిన బి.బి.బి. పైపు, వెండి మీద ముద్ర 1912-13 నాటిది. రెండోది లండన్‌లో కోమోయ్ వాళ్ళ ఫ్యాక్టరీలో తయారైనది, రెండో ప్రపంచ యుద్ధం తర్వాతది. దాని నోటి గొట్టం వేరే పైపుది. పాలిష్ మాత్రం దయచేసి పెట్టించకండి, ఎవరు ఎంత చెప్పినా సరే. మిగతా జవాబంతా ఇవి ఎలా తెలిశాయో, మీరే ఎలా తెలుసుకోవచ్చో చెప్పడానికి.

నేను పుట్టి పెరిగింది గుంటూరు జిల్లాలో, పొగాకు ఆకు ఆరబెట్టే బ్యారన్ల పక్కన. ఇరవై ఏళ్ళ పైనుంచి ఇంగ్లండ్‌లో ఉంటున్నాను. ఇక్కడి పాతవస్తువుల సంతల్లో పైపులు ఏరుకోవడం, ఇంటి దగ్గర కూర్చుని వాటిని బాగుచెయ్యడం నాకు చాలా ఇష్టమైన పని. ఇన్నేళ్ళలో గట్టిగా నమ్మిన విషయం ఒకటుంది. పైపు మీద ఆనవాళ్ళన్నీ సమానం కావు. సులువుగా మార్చగలిగినదాన్ని ఆఖరున నమ్మాలి, మార్చడం కష్టమైనదాన్ని ముందు నమ్మాలి. నోటి గొట్టం లాగితే ఊడొస్తుంది, ఇంకోటి దూర్చొచ్చు. కాడ మీద ముద్ర చెక్కలోకి దిగి ఉంటుంది, దాన్ని మార్చలేరు, చెరపగలరు అంతే. వెండి మీద ముద్ర చట్టం కింద వేసింది. మీ కొనుగోలుదారు సరిగ్గా దీనికి తలకిందులుగా చూశారు, గొట్టం దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోయారు.

మాటలు ఒకసారి సరిచూసుకుందాం. పొగాకు నింపేది గిన్నె. గిన్నె నుంచి బయటికి వచ్చే చెక్క భాగం కాడ. కాడలో దూరేది నోటి గొట్టం, అది ఎక్కువగా వల్కనైట్, అంటే గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు. గిన్నె, కాడ ఒకే చెక్క ముక్క. ఆ చెక్కే బ్రయర్. మధ్యధరా తీరంలో పెరిగే ఒక పొద మొదట్లో, నేలలో, గడ్డలాగా ఊరుతుంది. అల్జీరియా, కోర్సికా, ఇటలీలోని కలాబ్రియా, గ్రీస్ నుంచి ఆ గడ్డలు వచ్చేవి. నిప్పుకి తొందరగా మాడదు కాబట్టి పైపుకి పనికొచ్చింది. బ్రయర్ పైపు పుట్టిల్లు ఫ్రాన్స్‌లోని సెయింట్ క్లాడ్ అనే కొండ ఊరు, కాలం 19వ శతాబ్దం మధ్య. కాబట్టి ఎవరైనా ‘1812 నాటి బ్రయర్ పైపు’ అని అమ్మజూపితే ఆ మాట నిలవదు. బార్లింగ్ అనే లండన్ పైపుల కంపెనీ 1812లో మొదలైన మాట నిజమే. అప్పట్లో వాళ్ళు వెండి పనివాళ్ళు, బ్రయర్ పనిలోకి తర్వాత వచ్చారు.

ఇప్పుడు ముద్రలు చదవడం. ఇది ఓపిక పని. మీ ఫొటోలు పైనుంచి ఫ్లాష్ కొట్టి తీసినవి, అందుకే అక్షరాలు చదునుగా కనిపిస్తున్నాయి. రాత్రిపూట గదిలో లైటు తీసేసి, ఫోన్ టార్చి కాడకి పక్కనుంచి, దాదాపు సమాంతరంగా పట్టుకోండి. గుంటల్లో నీడ పడి అక్షరాలు లేచి కనిపిస్తాయి. పైపుని మెల్లగా తిప్పుతూ చూడండి, ఒక్కో కోణంలో ఒక్కో అక్షరం బయటపడుతుంది. గడియారాలు బాగుచేసేవాళ్ళు వాడే పదిరెట్ల భూతద్దం ఉంటే చాలా మేలు. అప్పటికీ తెలియకపోతే మన ఇళ్ళల్లో ఉండేదే, విభూతి, చిటికెడు తీసుకుని వేలితో కాడ మీద అద్ది, పొడిగుడ్డతో పైపైన తుడవండి. తెలుపు గుంటల్లో మిగులుతుంది. రుద్దకూడదు, అద్దడమే. కాడ కుడి, ఎడమ వైపులు, అడుగు, మూడూ చూడండి. గిన్నెకి కాడ అతికే మూలలో కూడా చిన్న అంకె దాక్కుని ఉంటుంది.

మీ మొదటి పైపు ఎడమ కాడ మీద చిన్న డైమండు గుర్తు, అందులో మూడు అక్షరాల నీడ ఉన్నాయి, మీరు గమనించలేదు. అది బి.బి.బి. ముద్ర. ఈ మూడు ‘బి’లకి మొదట్లో ‘బ్లమ్‌ఫెల్డ్స్ బెస్ట్ బ్రయర్’ అని అర్థం, ఆ తర్వాత ‘బ్రిటన్స్ బెస్ట్ బ్రయర్’ అయింది. లూయీ బ్లమ్‌ఫెల్డ్ అనే ఆయన అడాల్ఫ్ ఫ్రాంకౌ కంపెనీని నడిపినవాడు. పట్టీ మీద ‘ఏఎఫ్ అండ్ కో’ అన్నది ఆ కంపెనీ పేరే. ‘ఏఎఫ్ అనే కంపెనీ ఎక్కడా దొరకడం లేదు’ అని మీరు రాశారు. పైపుల పేర్లలో వెతికితే దొరకదు. వెండి మీద ఉండే అక్షరాలు ఆ వెండిని ముద్రకి పంపిన కంపెనీవి, పైపు బ్రాండువి కానక్కర్లేదు. ఇవి తెలిసి ఉంటే కాడ మీద పేరు పూర్తిగా పోయినా కంపెనీ దొరుకుతుంది. ‘ఈబీ, డబ్ల్యూబీ’ అని ఉంటే అది బార్లింగ్. ‘ఎఫ్‌సీ’ ఉంటే ఫ్రెడరిక్ చరాటన్. ‘ఎల్ అండ్ కో’ ఉంటే లోవీ. ‘ఏడీ’ ఉంటే ఆల్ఫ్రెడ్ డన్‌హిల్. ‘కే అండ్ పీ’ అయితే అది ఇంగ్లిష్ కాదు, డబ్లిన్‌లోని కాప్ అండ్ పీటర్‌సన్.

తర్వాత నడుస్తున్న సింహం. అది ఉంటే వెండి 92.5 శాతం అసలుదని ఇంగ్లండ్‌లో పరీక్ష చేసి వేసిన గుర్తు. లంగరు అంటే ఆ పరీక్ష బర్మింగ్‌హామ్‌లో జరిగింది. చిరుతపులి తల ఉంటే లండన్. మూడు గోధుమ పనలు, మధ్యలో కత్తి ఉంటే చెస్టర్, అక్కడి పరీక్ష కార్యాలయం 1962లో మూతపడింది. బర్మింగ్‌హామ్ ముద్ర ఉంటే పైపు బర్మింగ్‌హామ్‌లో చేశారని కాదు. చెక్క పని లండన్‌లో, వెండి పట్టీ బర్మింగ్‌హామ్‌లో జరగడం మామూలే.

ఇక అసలు సంగతి, ఆ ‘ఎన్’ అక్షరం. ఏటా ఒక అక్షరం మారుతుంది. బర్మింగ్‌హామ్‌లో 1900లో చిన్నబడి ‘ఏ’తో మొదలై, ‘జె’ వదిలేసి, 1924లో ‘జెడ్’తో పూర్తయింది. ఆ లెక్కన ‘ఎన్’ 1912కి వస్తుంది. అప్పట్లో వాళ్ళ ఏడాది జూలైలో మారేది కాబట్టి 1912-13 అనాలి. 1925 నుంచి పెద్దబడి అక్షరాలు మొదలయ్యాయి, అక్కడ ‘ఎన్’ 1937. అంటే అక్షరం చిన్నబడో పెద్దబడో తప్పు చూస్తే పాతికేళ్ళు తేడా వచ్చేస్తుంది. 1875లో మొదలైన అంతకుముందు వరసలో కూడా చిన్నబడి ‘ఎన్’ ఉంది, అది 1887. కానీ ఆ అక్షరాలు పాతకాలపు వంకర గోతిక్ రాతలో ఉంటాయి. పైగా 1890 వరకు వెండి మీద పన్ను కట్టినట్టు రాణి తల కూడా కొట్టేవాళ్ళు. మీ పట్టీ మీద తల లేదు, అక్షరం మామూలు రాతలో ఉంది. కాబట్టి 1887 కాదు. ఒక గుర్తు ఉండటమే కాదు, ఒక గుర్తు లేకపోవడం కూడా ఎంత చెప్తుందో చూడండి. నాకు ఈ పనిలో అన్నిటికంటే సంతోషం ఇచ్చేది ఇదే.

లండన్ లెక్క వేరు, ఆ రోజుల్లో అక్కడ ఒక వరసకి ఇరవై అక్షరాలే, ‘జె’ వదిలేసి ‘ఏ’ నుంచి ‘యు’ దాకా. 1916లో చిన్నబడి ‘ఏ’, 1936లో పెద్దబడి ‘ఏ’. బర్మింగ్‌హామ్ పట్టిక పెట్టుకుని లండన్ అక్షరం చదివితే తప్పు వస్తుంది, కాబట్టి ముందు ఊరు, తర్వాత అక్షరం.

వెండి విషయంలో రెండు జాగ్రత్తలు. కాడ పగిలితే దాన్ని బిగించడానికి తర్వాత ఎవరైనా పట్టీ వేయించి ఉండొచ్చు. అప్పుడు పట్టీ తారీఖు పైపు తారీఖు కాదు. పట్టీ అంచు కాడ మీది ముద్రలో ఏ అక్షరాన్నైనా కప్పేస్తే అనుమానించాలి. మీ పైపులో డైమండు గుర్తు పట్టీకి దూరంగా, పూర్తిగా ఉంది, కాడలో పగులు కనబడలేదు. కాబట్టి అసలు పట్టీయే అని నమ్ముతున్నాను. రెండోది, వెండిలా కనిపించే నికెల్ పట్టీల మీద కూడా చిన్న చిన్న గళ్ళల్లో ఏవో బొమ్మలు కొట్టేవాళ్ళు. పీటర్‌సన్ నికెల్ పట్టీల మీద ఆకు, కుక్క, గోపురం బొమ్మలుంటాయి. అవి వెండి ముద్రలు కావు, వాటితో సంవత్సరం తేలదు. సింహం లేకపోతే ఇంగ్లిష్ వెండి అనుకోకండి.

రెండో పైపుకి వద్దాం. ఇక్కడ వెండి సాయం లేదు, పేరూ లేదు. కానీ ‘మేడ్ ఇన్ లండన్’ వలయంలా తిరిగి, దాని కింద ‘ఇంగ్లండ్’ తిన్నగా ఉండటం కోమోయ్ ఫ్యాక్టరీకి బాగా తెలిసిన గుర్తు. ఫ్రాంస్వా కోమోయ్ 1825లో సెయింట్ క్లాడ్‌లో పైపుల పని మొదలుపెట్టాడు. ఆ కుటుంబానికి చెందిన హెన్రీ కోమోయ్ 1879లో లండన్ వచ్చాడు. ఈ గుండ్రటి ముద్ర యుద్ధం తర్వాత కాలానిది. దానికి తోడు 337 అన్న అంకె. కోమోయ్ ఆకారాల పట్టికలో 337 అంటే ప్రిన్స్, గిన్నె పొట్టిగా, బొద్దుగా, గొట్టం సన్నగా కొద్దిగా వంగి ఉండేది. మీ ఫొటోలో గిన్నె అచ్చంగా అదే. ముద్ర, అంకె, ఆకారం మూడూ ఒకే ఇంటి పేరు చెప్తున్నప్పుడు నాకు సందేహం లేదు.

అయితే కోమోయ్ వాళ్ళ ఫ్యాక్టరీ నుంచి వచ్చినవన్నీ ‘కోమోయ్స్’ అన్న పేరుతో రాలేదు. చెక్కలో చిన్న లోపాలున్న పైపుల్ని గిల్డ్‌హాల్, ఎవ్రీమాన్, రాయల్ గార్డ్ లాంటి వేరే పేర్లతో అమ్మారు. వాటి వెనక కూడా ఇదే గుండ్రటి ముద్ర, ఇవే ఆకారపు అంకెలు ఉంటాయి. పేరు చెరిగిన మీ పైపు అసలు తరగతిదా రెండో తరగతిదా అంటే గిన్నెని ఎండలో తిప్పి చూడండి. చెక్క గీతలు ఒక చోట ఆగిపోయి, గులాబీ రంగులోనో మట్టి రంగులోనో చిన్న మచ్చ కనిపిస్తే అది పుట్టీ పెట్టిన గుంట. పుట్టీ కనిపిస్తే రెండో తరగతి అనుకోవచ్చు. అలా అని చిన్నచూపు చూడకండి. అదే చెక్క, అవే యంత్రాలు, అదే పనివాళ్ళు. నా దగ్గరున్న ఒక గిల్డ్‌హాల్ పైపు పనితనం చూస్తే చాలా ఖరీదైన పైపులకి ఏమాత్రం తీసిపోదు.

అసలు కోమోయ్ గొట్టం మీద చుక్క ఉండదు, ‘సి’ అక్షరం ఉంటుంది. మంచి కాలంలో ఆ ‘సి’ రంగు వేసింది కాదు, ముద్ర కొట్టిందీ కాదు. ముందు గొట్టంలో తెల్ల ముక్క పొదిగి, దాని మధ్యలో చిన్న నల్ల ముక్క పొదిగి, ఆ తెల్ల వలయాన్ని ఒక పక్క తెంచడానికి ఇంకో నల్ల ముక్క పొదిగేవాళ్ళు. భూతద్దంలో ఆ అతుకులు కనిపిస్తాయి. తర్వాతి కాలంలో సులువు పద్ధతులొచ్చి అతుకులు పోయాయి. గొట్టం అసలుదైతే ఈ ఒక్క అక్షరమే కాలం గురించి చాలా చెప్తుంది.

మీ గొట్టం అసలుది కాదని ఎందుకన్నానంటే, అతుకు దగ్గర చూడండి. కాడ కంటే గొట్టం ఒక వెంట్రుక మందం లావుగా ఉంది, మీ మూడో ఫొటోలో ఆ మెట్టు నీడ పడింది. మంచి ఫ్యాక్టరీలో గొట్టాన్ని కాడలో పెట్టాకే రెండిటినీ కలిపి నున్నగా చేసేవాళ్ళు, గోరు పెట్టి లాగితే తగలకూడదు. పైగా ప్రిన్స్ ఆకారానికి ఉండాల్సిన సన్నటి వంపు గొట్టం కాదిది, తిన్నని మందపాటిది. తాతగారు కొరికి కొరికి పాతది పాడైపోతే ఊళ్ళో ఎవరో ఇంకో పైపుది తగిలించి ఉంటారు.

తెల్ల చుక్క ఒక్కటే చూసి నేను కూడా మోసపోయాను. మొదట్లో ఒక సంతలో తెల్ల చుక్క ఉన్న పైపు చూసి, గుండె దడదడలాడుతుంటే బేరం కూడా ఆడకుండా నూట ఇరవై పౌండ్లు ఇచ్చేశాను. ఇంటికొచ్చి చూస్తే కాడ మీద ముద్ర ఎవరో గీకేసి నున్నగా పాలిష్ పెట్టారు. గొట్టం నిజంగానే డన్‌హిల్‌ది, చెక్క మాత్రం ఎవరిదో తెలియదు. ఇప్పటికీ తెలియదు. ఆ గీకినచోట ఏ పేరు ఉండేదో అని ఆ పైపు చేతిలోకి తీసుకున్నప్పుడల్లా బాధేస్తుంది.

డన్‌హిల్ గురించి అందరూ అడుగుతారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. ఆల్ఫ్రెడ్ డన్‌హిల్ 1907లో లండన్ డ్యూక్ స్ట్రీట్‌లో పొగాకు దుకాణం తెరిచాడు, 1910లో సొంతంగా పైపుల తయారీ మొదలుపెట్టాడు. గొట్టాన్ని తిరగేసి పెట్టకుండా పైవైపు ఏదో తెలియడానికి తెల్ల చుక్క పెట్టారు. కాబట్టి అది ఎప్పుడూ గొట్టం పైభాగంలో ఉంటుంది, పొదిగి ఉంటుంది, గోరుకి తగలదు. కానీ చుక్కలు పెట్టింది డన్‌హిల్ ఒక్కరే కాదు, చుక్క చూశాక కాడ మీద పేరు కూడా చూడాలి.

నిజమైన డన్‌హిల్‌లో కాడ మీది ముద్రే ఒక జాతకం లాంటిది. నున్నటి ఎరుపు రంగుది బ్రూయెర్, 1917లో పేటెంటు తీసుకున్న ఇసుక కొట్టిన గరుకు పైపు షెల్, 1931లో వచ్చిన లేత రంగుది రూట్ బ్రయర్, 1950ల మొదట్లో వచ్చిన లేత రంగు గరుకుది టాన్‌షెల్. ఇసుకని గాలితో గట్టిగా చిమ్మితే చెక్కలో మెత్తటి భాగం అరిగి, గట్టి గీతలు మిగులుతాయి, అదే షెల్. వలయంలో ఒక అంకె, పక్కన ఒక అక్షరం ఉంటే అంకె సైజు, ఒకటి చిన్నది, పెరిగేకొద్దీ పెద్దది. అక్షరం తరహా. ‘ఏ’ అంటే బ్రూయెర్, ‘ఎస్’ అంటే షెల్, ‘ఆర్’ అంటే రూట్, ‘టి’ అంటే టాన్‌షెల్.

సంవత్సరం ‘ఇంగ్లండ్’ అన్న మాట చివర, కొంచెం పైకి, చిన్న అంకెగా ఉంటుంది. 1960ల నుంచి లెక్క సులువు, ఆ అంకెకి 1960 కలపాలి. 12 ఉంటే 1972, 20 ఉంటే 1980. ఒకే అంకె ఉంటే 1950లదా 1960లదా అన్న ప్రశ్న వస్తుంది, అప్పుడు మిగతా ముద్రలతో కలిపి చూడాలి. ఇక్కడ ఎక్కువమంది పడే పొరపాటు పేటెంటు నంబరు. 119708/17 అని ఉంటే అది 1917లో చేసిన పైపు కాదు, పేటెంటు 1917ది. 417574/34 ఉంటే పేటెంటు 1934ది. పైపు వయసు ఆ నంబరులో కాదు, విడిగా ఉండే చిన్న అంకెలో ఉంటుంది. ‘1917 డన్‌హిల్’ అని ఆన్‌లైన్‌లో పెట్టే పైపులు చాలా వరకు ఈ తప్పు చదవడం వల్ల పుట్టినవే. డన్‌హిల్ తరగతికి రాని గిన్నెలు పార్కర్ పేరుతో 1920ల నుంచి వచ్చాయి, అందుకే పాత పార్కర్‌లో డన్‌హిల్ పోలికలు కనిపిస్తాయి.

నా మనసుకి దగ్గరైనది మాత్రం బార్లింగ్. ఆ చెక్క అంత తేలిగ్గా, గొట్టం చివర పళ్ళ మధ్య అంత సుఖంగా ఉండే పైపులు నేను ఎక్కువ చూడలేదు. అందులో చూడాల్సింది 1960కి ముందా తర్వాతా అన్నది. 1960లో ఆ కుటుంబం చేతి నుంచి కంపెనీ ఇంపీరియల్ టొబాకో వైపు వెళ్ళిపోయింది. కుటుంబ కాలంలో ‘బార్లింగ్స్’ అన్న పేరు విల్లులా వంగి, అచ్చు అక్షరాల్లో ఉంటుంది, కింద ‘మేక్’ అని ఉంటుంది. 1962 నుంచి పేరు చేత్తో రాసినట్టు వాలుగా మారింది, ఆకారపు అంకె నాలుగంకెలైంది. ‘యే ఓల్డ్ వుడ్’ అన్న ముద్ర రెండు కాలాల్లోనూ కనిపిస్తుంది కాబట్టి దాన్ని చూసి సంబరపడకండి. సైజుని అక్షరాల్లో కొట్టేవాళ్ళు, ‘ఎస్‌ఎస్’, ‘ఎక్సెల్’ లాగా.

చరాటన్ 1863లో లండన్‌లో మొదలైంది. గొట్టం మీద ‘సి’, ‘పి’ అక్షరాలు ఒకదాంట్లో ఒకటి దూరి ఉంటే పాత కాలం. డన్‌హిల్ చేతికి పోయాక ‘సి’ అక్షరం ‘పి’లోకి దూరడం ఆగిపోయింది. కాడ మీద వలయంలో ‘ఎల్’ ఉంటే అమెరికాకి లేన్ అనే వ్యాపారి తెప్పించుకున్నది. గొట్టం మీద పళ్ళు ఆనడానికి మెట్టు ఉంటే దాన్ని డబుల్ కంఫర్ట్ అనేవాళ్ళు. సాసియెనీ సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. జోయెల్ సాసియెనీ చరాటన్‌లో, డన్‌హిల్‌లో పనిచేసి 1919లో సొంతంగా పెట్టుకున్నాడు. గొట్టం మీద లేత నీలం చుక్కలు నాలుగు, డైమండు ఆకారంలో. ఒకటో రెండో చుక్కలే ఉంటే ఎక్కువగా కింది తరగతి, చాలా పాతవాటిలో తప్ప. యుద్ధానికి ముందు పేరులోని ఆఖరి అక్షరం తోక చేప తోకలా సాగుతుంది, తర్వాత మామూలుగా అయింది. ఆష్‌ఫర్డ్, విండ్సర్ లాంటి ఊళ్ళ పేర్లు కాడ మీద ఉంటే అవి ఆకారాల పేర్లు, తయారైన చోటు కాదు.

జి.బి.డి. పారిస్‌లో 1850లో పుట్టి లండన్‌లోనూ ఫ్యాక్టరీ పెట్టింది. కోడిగుడ్డు ఆకారంలో పేరు, గొట్టం మీద చిన్న ఇత్తడి బిళ్ళ. దాని వెనకవైపు ‘లండన్ ఇంగ్లండ్’ తిన్నని గీతలో ఉంటే 1981కి ముందుది. మీ కోమోయ్‌లా గుండ్రంగా ఉంటే ఆ రెండు కంపెనీలూ ఒకే గొడుగు కిందికి వచ్చిన తర్వాతది.

పేరు అదే ఉండి చేసినవాళ్ళు మారిపోయిన బ్రాండులూ ఉన్నాయి. బెన్ వేడ్ 1860లో లీడ్స్‌లో మొదలైంది. ఆ ఫ్యాక్టరీ 1960ల మధ్యలో మూతపడ్డాక అదే పేరు డెన్మార్క్‌లో ప్రెబెన్ హోల్మ్ చేసిన పైపుల మీదికి వెళ్ళింది. వాటికీ వీటికీ చుట్టరికమే లేదు. అలాగే కొన్నిటి మీద దుకాణం పేరే ఉంటుంది, చేసినవాళ్ళది ఉండదు. ఆర్మీ అండ్ నేవీ స్టోర్స్‌కి బొంబాయిలో, కలకత్తాలో కొట్లు ఉండేవి. ఆ రోజుల్లో ఇంగ్లండ్ పైపులు మన దేశంలోకి రావడానికి అలాంటి దార్లు చాలా ఉండేవి. దుకాణం పేరున్న పైపు దొరికితే ఆకారపు అంకె, వెండి అక్షరాలు, గొట్టం పని చూసి వెనకాల ఉన్న కంపెనీని కనిపెట్టాలి.

ఇప్పుడు శుభ్రం చెయ్యడం. మన ఇళ్ళల్లో వెండి అనగానే విభూతి పెట్టి తోముతారు, ఇత్తడి అనగానే చింతపండు. ఆ పట్టీకి రెండూ వద్దు. చదవడానికి విభూతి అద్దడం వేరు, దానితో తోమడం వేరు. నూరేళ్ళ ముద్రలో గీత లోతు చాలా తక్కువ, పది తోముళ్ళకి ‘ఎన్’ కాస్తా ‘ఎమ్’ అని అనుమానం వచ్చేలా అయిపోతుంది. మెత్తటి పొడిగుడ్డ చాలు. నలుపు కొంచెం మిగిలితే మంచిదే, అక్షరాలు చదవడానికి అదే పనికొస్తుంది. చెక్క మీద ఉప్పుకాగితం పెట్టకండి, దుకాణంలో తిరిగే పాలిష్ చక్రం దగ్గరికి అసలు పోనివ్వకండి. తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి, అంతే.

రెండో పైపు వల్కనైట్ గొట్టం ఆకుపచ్చ గోధుమ రంగుకి తిరిగింది. వెలుతురు, గాలి తగిలి పైకి గంధకం వచ్చిందన్నమాట. వేడినీళ్ళు పోస్తే ఇంకా పెరుగుతుంది. అది ఎలాగూ అసలు గొట్టం కాదు కాబట్టి టెన్షన్ పడాల్సిన పని లేదు.

మొదటి పైపు విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. ఆ పసుపుపచ్చ గొట్టం అంబర్, అంటే గడ్డకట్టిన చెట్టు జిగురు, కావచ్చు, అంబర్‌లా చేసిన ప్లాస్టిక్ కావచ్చు. వేడి సూదితో గుచ్చి చూడమని ఎవరైనా చెప్తే వినకండి, స్పిరిట్ కూడా తగలనివ్వకండి, అంబర్ పైన పగుళ్ళొస్తాయి. ఆ కాలం పైపుల్లో గొట్టాన్ని కాడకి కలిపేది ఎముకతో చేసిన మరమేకు. ఈ కాలం పైపులా నేరుగా లాగితే ఎముక పుటుక్కున విరుగుతుంది. అది మరదా, దూర్చిందా తెలియకుండా చెయ్యి పెట్టకండి. చలవగదిలో ఒక గంట ఉంచి, ఆ తర్వాత ఎడమవైపుకి అతి మెల్లగా తిప్పి చూడొచ్చు. కదలకపోతే వదిలెయ్యండి.

ధర గురించి అడిగారు. ఆ పెద్దమనిషి డన్‌హిల్ అనుకుని ఇస్తానన్నది రెండో పైపుకి రాదు. ఆయనకి కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పడం ధర్మం. మొదటిది, వెండి ముద్ర పూర్తిగా ఉన్న 1912-13 నాటి పైపు. దాన్ని నేనైతే అమ్మను. పక్క నుంచి వెలుతురు పట్టి ఆ డైమండు గుర్తు కింద ఇంకో వరస ఉందేమో చూసి ఫొటో పెట్టండి. ‘ఓన్ మేక్’ అని ఉంటే అది బి.బి.బి. వాళ్ళ పై తరగతి. అలాగే రెండో పైపు పై వరసలో చెరిగిన పేరు పొడవు కొలిచి, మొదటి అక్షరం, చివరి అక్షరం ఏవైనా కనిపిస్తే రాయండి. ‘జి’ కనిపిస్తే గిల్డ్‌హాల్ దగ్గర మొదలుపెట్టి వెతుకుదాం.